నీలం చీర కడితే వాన

సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా, ఇటు కోదాడ దాకా నా చీరలు తెలియని రైతు లేడు. ఈ మాట వినగానే ఎవరైనా మరోలా అనుకుంటే అది వాళ్ల ఖర్మ. సూర్యాపేటలో ఒక కేబుల్ చానల్‌లో రోజూ సాయంత్రం ఏడింటికి వాతావరణం చదివేది నేనే. ఆ ఏడు వానాకాలం వరి కోతలప్పుడు జనం నా మాట వదిలేసి నా చీర చూసి చేలు కోసుకున్నారు. వాళ్లలో మా ఆయన కూడా ఉన్నాడు.

మా చానల్ అంటే మెడికల్ షాపు మేడ మీద మూడు గదులు. ఒక గదిలో గోడకి గుడ్డ కట్టి, దాని ముందు నన్ను నిలబెడతారు. చూసేవాళ్లకి నా వెనక జిల్లా మ్యాపు, కదిలే మబ్బులు కనిపిస్తాయి. నాకు మాత్రం ఉత్త గుడ్డే. దాని మీద అందాజుగా చెయ్యి తిప్పుతూ, హుజూర్‌నగర్ ఇక్కడ, గరిడేపల్లి ఇక్కడ అనుకుంటూ చదవాలి. ఎదురుగా కెమెరామన్ సంతోష్ ఉంటాడు గానీ అతని చూపంతా తన చిన్న స్క్రీన్ మీదే. నవ్వుతూ నమస్కారం పెడతానా, ఆ నవ్వు ఎవరికో నాకే తెలియదు. చదవడం అయ్యాక కిరాయి గదికి పోయి, ఒక్కదానికి ఇంత అన్నం పడేసుకుని, టీవీలో మళ్లీ వేసే నా వాతావరణాన్నే చూస్తూ తినేదాన్ని. పక్కన ఇంకో మనిషి గొంతు ఉంటే బాగుండునని రోజూ అనిపించేది.

చీరలు నావి కావు. మెయిన్ రోడ్డు మీది బట్టల షాపు వాళ్లు రోజుకొకటి పంపేవాళ్లు. కట్టుకుని చదివి, పిన్ను గుచ్చిన జాడ లేకుండా మడతపెట్టి మర్నాడు తిరిగిచ్చేయాలి. బులెటిన్ చివర వాళ్ల షాపు పేరు వేస్తారు. వాళ్లు ఏ రంగు పంపితే ఆ రంగు కట్టడమే నా పని.

ఈ రంగుల సంగతి నాకు కోదాడలో తెలిసింది. దసరా ముందు ఏదో పని మీద పోయి, బస్టాండు దగ్గర టీ కోసం ఆగాను. హోటల్ నడిపే అచ్చమ్మ గ్లాసు చేతికిస్తూ నా మొహంలోకి వంగి చూసింది.

"టీవీలో వానలు చెప్పేది నువ్వే కదమ్మా? రేపు ఏ చీర కడతావ్?"

"ఏదైతే ఏందమ్మా? ఎందుకు?"

"నీలం కడితే వాన, పసుపు కడితే ఎండ. మా హోటల్‌కొచ్చే రైతులంతా అదే చూసుకుంటారు. ఎర్రది కట్టిన రోజు మాత్రం ఏంటో తెలీక కొట్టుకు చస్తారు."

"నోటితోని చెప్తున్న గద."

"ఈ గోలలో ఎవరికి వినపడుద్ది?" అంది అచ్చమ్మ.

నిజమే. బయట లారీల హారన్లు, లోపల గ్రైండర్ మోత. గోడ మీద టీవీలో ఎవరో నోరు తెరిచి మూస్తున్నారు, మాట మాత్రం లేదు. కోతల కాలంలో ఏడింటికి మగవాళ్లు ఇళ్లలో ఉండరు. కోత మిషన్ల దగ్గరో, మిల్లు గేట్ల దగ్గరో, ఇలాంటి హోటళ్ల ముందో ఉంటారు. టీవీ చూసినవాడు చేను దగ్గరున్నవాడికి ఫోను చేస్తాడు. ఏం కట్టింది అని వాడు అడుగుతాడు, పసుపు అని వీడు చెబుతాడు. నాలుగైదుసార్లు అనుకోకుండా నిజమయ్యేసరికి ఇక అదే పంచాంగమైపోయింది. బస్సులో తిరిగొస్తూ తల్చుకుని తల్చుకుని నవ్వాను. గోపాల్‌కి ఫోను చేసి చెబుదామా అనుకున్నాను. ఈమాత్రం దానికి ఫోనెందుకు అనుకుంటాడేమోనని మానేశాను.

గోపాల్ మా ఆయన. హాలియా అవతల, సాగర్ ఎడమ కాల్వ కింద సొంత సేద్యం. నేను ఉద్యోగమని ఇక్కడ, అతను పొలమని అక్కడ. మేం పోట్లాడుకుని వేరుపడలేదు. పోట్లాడుకుని ఉంటే సర్దిచెప్పడానికైనా నలుగురు వచ్చేవాళ్లు.

దసరా వెళ్లాక బియ్యం మూట తీసుకుని వచ్చాడు. చెప్పులు మెట్ల కిందే వదిలి, చుట్టం లాగా కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఒక్కదానికి ఇన్ని బియ్యం ఏం జేసుకోను?" అన్నాను.

"ఉంటయి తియ్యి. పురుగు పట్టే రకం గాదు."

టీ ఇచ్చాను. అది తాగినంతసేపూ గోడవైపు చూశాడు. తర్వాత, "అమ్మ పోయినకాన్నుంచి ఇల్లు బోసిగుంటుంది. నేనే వండుకుంటున్న," అన్నాడు.

"నేను గూడ నేనే వండుకుంటున్న."

అందులో నవ్వాల్సింది ఉంది. ఇద్దరం నవ్వలేదు.

"కోతలు కానీ చంద్రా, ఏదో ఒకటి తేల్చుకుందాం. నువ్వొకతాన నేనొకతాన ఎన్నేండ్లని గిట్ల?"

"తేల్చుకునుడంటే?"

"ఒస్తే రా. లేకుంటే…" అని ఆగి, "గదే," అన్నాడు.

ఆ రెండో మాట అతని నోట రాలేదు, నేనూ రప్పించలేదు. మెట్లు దిగి చెప్పులు వేసుకునేదాకా పైనుంచి చూస్తూ నిలబడ్డాను. అతనంటే నాకు ఇష్టం. ఆ మాట అతనితో ఎన్నడూ అనలేదు, అతనూ అడగలేదు.

దీపావళి దాటగానే షాపులోకి పెళ్లిళ్ల సరుకు దిగింది. అందులో నీలాలు ఎక్కువట. సోమవారం ఒక నీలం పంపారు, మంగళవారం ఇంకో నీలం. చానల్ ఓనర్ శ్రీకాంత్ సార్‌కి చెప్పాను.

"సార్, నీలం కడితే వాన అనుకుంటున్నరు జనం. కోతల టైం ఇది."

"అరే, మంచిదే గద మేడం. అందరు మిమ్మల్నే చూస్తున్నరన్నట్టు."

"చూస్తున్నరు. ఇంటలేరు."

ఆయనకది జోక్‌లాగా తోచింది. నేను చేయగలిగింది చేశాను. ఈ వారమంతా చినుకు పడదని రెండు రోజులూ గట్టిగా, మళ్లీ మళ్లీ చెప్పాను. గ్రైండర్లు తిరుగుతున్న హోటళ్లలో నా నోరు కాస్త ఎక్కువసార్లు కదిలి ఉంటుంది.

బుధవారం పొద్దున సంతోష్ బండేసుకుని గది దగ్గరికే వచ్చాడు. "మేడం, మిర్యాలగూడ కాడ అద్దంకి రోడ్డు పొంటి అన్ని ట్రాక్టర్లేనంట. పోయి షూట్ చేసుకరమ్మన్నడు సార్."

పోయి చూస్తే ట్రాక్టర్ల వరసకు మొదలెక్కడో, చివరెక్కడో తెలియడం లేదు. మా వైపు కోత మిషన్‌లోంచి పచ్చి వడ్లు నేరుగా ట్రాలీలో పోసుకుని మిల్లుకు తోలుకుపోవడమే పద్ధతి. ఊళ్లన్నీ ఒక్కసారే తోలితే మిల్లుల్లో చోటెక్కడిది? గేట్లు మూసేశారు. పండీ పండని చేలు కూడా కోసుకొచ్చారు కాబట్టి తేమ ఎక్కువుందని రేటు దించేశారు. ట్రాలీల్లో వడ్లు ఉడుకెత్తి, ముక్కిన వాసన రోడ్డు పొడుగునా కొడుతోంది.

కెమెరా చూడగానే జనం మూగారు. గరిడేపల్లి వైపు నుంచి వచ్చిన గౌరయ్య అనే పెద్దమనిషి ముందుకొచ్చాడు.

"నీలం గట్టి మమ్ముల ఆగం జేసినవ్ గదమ్మా."

"వాన లేదని చెప్పిన పెద్దయ్యా. రెండు దినాలు అదే చెప్పిన."

"మరి నీలమెందుకు గట్టినవ్?"

ఆయన కోపంగా అడగలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. షాపువాళ్లు పంపారని చెబితే నాకే సిగ్గు. ముందుకు నడిచాను. ఇంకొంచెం దూరంలో ఒక ట్రాలీ మీద, వడ్ల మీదే తుండుగుడ్డ పరుచుకుని గోపాల్ కూర్చుని ఉన్నాడు.

"తిన్నవా?" అన్నాను. ముందు అదే వచ్చింది నోట్లోంచి.

"ఆఁ," అన్నాడు. తినలేదని మొహమే చెబుతోంది.

"మన చేను ఇంక వారం ఆగాలంటివి గద. ఎందుకు కోసినవ్?"

"సగమే కోపిచ్చిన. రెండు దినాలు వరసగ నీలం గట్టినవ్. అందరు మిషన్లకు ఎగబడ్తుంటే నేను గూడ…"

"నువ్వు గూడ చీరెనే చూసినవా?"

అతను తుండుగుడ్డ అంచు సర్దుకున్నాడు.

"నేను నీ పెండ్లాన్ని. నాకొక్క ఫోన్ జేస్తే అయిపోయేది గద."

"టీవీల నువ్వే గనవడ్తివి. మళ్ల ఫోనెందుకని."

"టీవీల ఏం చెప్పిన?"

తల దించుకుని అరచేతిలో వడ్లు నలిపాడు. "సౌండ్ లేకుండె," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. కోదాడలో విని నవ్వుకున్న ముచ్చటే ఇది. అదే మాట గోపాల్ నోట వినేసరికి నవ్వు రాలేదు. హోటల్లో పదిమంది భుజాల మధ్యలోంచి, మాట లేని నన్ను చూసి, ఇంటికి పోయి చేను కోయించాడు.

"ఇంట్ల టీవీ ఉంది గద. ఇంట్లనే చూస్తే మాట ఇనవడేది."

"ఇంట్ల ఒక్కన్నే కూసొని ఏం సూస్త? రోజు హాలియా బోయి ఆడనే సూస్త."

"రోజా?"

"రోజు."

వెనకనుంచి ట్రాక్టర్ల హారన్లు మోగాయి. అతను ట్రాలీ దిగాడు. "ఈ రేటుకియ్య. వాపస్ తీస్కపోయి కల్లంల ఆరబోస్త. నువ్వు ఎండల నిలబడకు, పో," అన్నాడు.

తిరిగి సూర్యాపేట చేరేలోపే నేను తేల్చుకున్నాను. కోతలయ్యాక ఉద్యోగం మానేసి అతని దగ్గరికి పోవాలి. రోజూ అంత దూరం పోయి మాట లేని నన్ను చూసొచ్చే మనిషి ఇంట్లో, మాటతో సహా నేనే ఉండాలనుకున్నాను. చెప్పాలంటే నాక్కూడా అదే కావాలి. గది ఖాళీ చేస్తానని ఓనరమ్మకు ఆ సాయంత్రమే చెప్పేశాను.

శనివారం మధ్యాహ్నం వాతావరణ కేంద్రం నుంచి వచ్చిన కాగితం రెండుసార్లు చదివాను. సముద్రంలో ఎటో పోతుందనుకున్న వాయుగుండం ఇటు తిరిగింది. ఆదివారం సాయంత్రం నుంచి కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ, హాలియా అన్నిచోట్లా భారీ వాన. మిల్లుల నుంచి వెనక్కి తిప్పుకొచ్చిన వడ్లన్నీ కల్లాల్లో, రోడ్ల మీద ఆరబోసి ఉన్నాయి. గోపాల్ వడ్లు కూడా అలాగే ఉన్నాయి.

అప్పుడే షాపు నుంచి చీర వచ్చింది. పసుపు.

గోపాల్‌కి ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. ఏ మిషన్ మోత పక్కన ఉన్నాడో, ఎత్తలేదు. శ్రీకాంత్ సార్ దగ్గరికి పోయాను.

"సార్, ఇయాల ఈ చీరె కట్ట. ఇది చూస్తే ఎవ్వరు వడ్లు కప్పుకోరు."

"అయితే మీ సొంత నీలం ఏదన్న కట్టుకోండ్రి. షాపోళ్లకు నేను చెప్త."

"నీలాన్ని ఇగ ఎవ్వరు నమ్మరు సార్. మొన్ననే మోసపోయిన్రు."

"రంగుల లొల్లి ఇడిచిపెట్టి ఉన్నది ఉన్నట్టు చదవండ్రి మేడం. వినేటోళ్లు వింటరు."

వినేవాళ్లు లేకనే కదా ఈ తిప్పలు. గదికి పోయి నా పెట్టెలోంచి ఒక చీర తీసి కట్టుకుని, ఏడు కావస్తుండగా వచ్చి గుడ్డ ముందు నిలబడ్డాను. మా గుడ్డ ఆకుపచ్చది. ఆకుపచ్చ ఎక్కడ కనపడితే అక్కడ కంప్యూటర్ దాన్ని చెరిపేసి మ్యాపు పెడుతుంది. అందుకే ఆకుపచ్చ చీర కట్టకూడదని, ఆకుపచ్చ గాజులు కూడా వేసుకోకూడదని చేరిన రోజే గట్టిగా చెప్పారు. నేను కట్టుకొచ్చింది ఆకుపచ్చ చీర, దాని మీదికి అదే రంగు జాకెట్టు.

సంతోష్ స్క్రీన్ చూసి ఉలిక్కిపడ్డాడు. చిన్న స్క్రీన్ వదిలి, తలెత్తి నన్ను చూశాడు.

"మేడం, మీరు కనవడ్తలేరు."

"మొహం కనవడ్తుందా?"

"మొహం, చేతులు."

"చాలు. మొదలువెట్టు."

లైవ్ మొదలైంది. తర్వాత వీడియోలో చూసుకున్నాను, మెడ కింద నేను లేను. నా కడుపు ఉండాల్సిన చోట కోదాడ ఉంది, భుజాల మీదుగా మబ్బులు పోతున్నాయి. పక్క గది అద్దం అవతల శ్రీకాంత్ సార్ రెండు చేతులూ ఊపుతున్నాడు. నేను తొందరపడలేదు. ముందు కాసేపు ఏమీ చదవకుండా పెదాలు మాత్రం కదిపాను. సౌండ్ పెట్టుకునేందుకు టైమివ్వాలి కదా. తర్వాత చెప్పాను. రేపు సాయంత్రం నుంచి పెద్ద వాన, ఆరబోసిన వడ్లు పొద్దున్నే కుప్ప చేసి పట్టాలు కప్పండి, కోతలు ఆపండి అన్నాను. ఒక్కో ఊరి పేరు పెట్టి చెప్పాను. ఇన్నేళ్లలో ఎదురుగా మనిషి ఉన్నాడనుకుని చదివింది ఆ ఒక్కరోజే, ఆ మనిషి గోపాల్.

హోటళ్లలో ఏం జరిగిందో తర్వాత తెలిసింది. తలకాయ ఒక్కటే తేలుతుంటే ముందు అందరూ నవ్వారట. ఇదేం మాయరోగమో వినాలని సౌండ్ పెంచమన్నారట. కోదాడలో అచ్చమ్మ గ్రైండర్ ఆపేసిందట. ఆదివారం సాయంత్రం కుండపోతగా పడింది. నిలబడిన చేలు చాలావరకు నేలకు వాలాయి. కప్పుకున్న వడ్లు మాత్రం దక్కాయి.

ఆ వీడియో ఫోనుల్లో ఊరూరూ తిరిగింది. శ్రీకాంత్ సార్ కోపం ఒక్క పూటలో పోయి, రోజుకొక ఐడియా చెప్పడం మొదలుపెట్టాడు. హైదరాబాద్ నుంచి ఒక పెద్ద చానల్ వాళ్లు ఫోను చేసి వస్తారా అని అడిగారు. రానన్నాను. వాళ్లు అడిగారన్న మాట ఊరంతా పాకింది. నేను రానన్న మాట మాత్రం ఎటూ పోలేదు. నెలాఖరుకు మానేస్తానని సార్‌కి చెప్పి, గదిలో సామాను సర్దడం మొదలుపెట్టాను. గిన్నెలు మూటగట్టేటప్పుడు ఏళ్ల తర్వాత నాలో నేను పాట పాడుకున్నాను.

కోతలు ముగిశాక ఒకరోజు నాలుగు దాటాక గోపాల్ వచ్చాడు. గుమ్మంలోనే ఆగి, కట్టి ఉన్న మూటల్ని, పెట్టెల్ని చూశాడు.

"హైదరాబాద్ పోతున్నవంట."

"ఎవరన్నరు?"

"హోటల్ల అందరు అంటున్నరు." మూటల వైపు మళ్లీ చూసి, "సామాను గూడ గట్టినవ్," అన్నాడు.

ఎక్కడికని అడుగుతాడేమోనని చూశాను. ఒక్క మాట అడిగితే చాలు, చెప్పడానికి గొంతులో సిద్ధంగా ఉంది. అతను కుర్చీ అంచున కూర్చున్నాడు.

"వడ్లు?" అన్నాను.

"దక్కినయ్. ఆ దినం హోటలాయనకు రిమోట్ దొరకకపోతే బల్లెక్కి నేనే సౌండ్ పెంచిన. మస్తుమంది ఉండె చంద్రా. ఒక్కడు సప్పుడు జెయ్యలే. అందరు నీ దిక్కే చెవులు వెట్టి ఇన్నరు. నేను గూడ." కుర్చీ అంచు పట్టుకుని, "నీ గొంతు గట్లుంటదని మర్చేపోయిన," అన్నాడు.

ఆ మాటకు నా కళ్లు నిండాయి. అతను నేలను చూస్తున్నాడు.

"కోతలైనంక తేల్చుకుందామంటి గద. నాకైతే తేలింది. నువ్వు చెప్తే గంతమంది ఇంటున్నరు. అసుంటిదాన్ని నా ఒక్కనికి చెప్పుకుంట ఇంట్ల కూసోమని ఎట్లడుగుత?"

అడగొచ్చు. ఎందుకు అడగకూడదు? ఆ ఒక్కనికి చెప్పుకుంటూ కూర్చోవాలనే కదా ఈ మూటలు కట్టింది. నోటిదాకా వచ్చింది. అంతలోనే ఒళ్లు మండింది. చీర చూసి చేను కోసినవాడు, మూటలు చూసి నన్ను హైదరాబాద్ పంపేస్తున్నాడు. ఎదురుగా కూర్చుని కూడా అడగడు. నన్ను నన్నే అడిగి తెలుసుకునే మనిషి ఈ భూమ్మీద ఒక్కడైనా ఉండాలా వద్దా? అడగనీ, అప్పుడే చెబుతాననుకున్నాను.

"టీ పెట్టనా?" అన్నాను.

"వద్దు. బస్సుకు టైమైంది." లేచి నిలబడ్డాడు. ఏమనాలో తెలియనట్టు పెట్టె మీద చెయ్యి వేసి, బరువెంతో చూసినట్టు కొంచెం కదిపి వదిలాడు. "మంచిగుండు," అన్నాడు.

మెట్లు దిగిపోయాడు. నేను చెప్పలేదు. అతను అడగలేదు.

ఓనరమ్మ దగ్గరికి పోయి గది ఖాళీ చేయడం లేదని చెప్పాను. ఆమె కూడా ఎందుకని అడగలేదు. నా బదులు ఇంకా ఎవరూ దొరకలేదు కాబట్టి శ్రీకాంత్ సార్ సంతోషించాడు.

సాయంత్రం ఏడింటికి గుడ్డ ముందు నిలబడి నమస్కారం పెట్టాను. ఎప్పుడూ సూర్యాపేటతో మొదలుపెట్టి, కోదాడ మీదుగా పోయి, మిర్యాలగూడ అవతలి ఊళ్లు చివర్లో చెబుతాను. ఆ రోజు హాలియాతో మొదలుపెట్టాను. హాలియా వైపు మబ్బు లేదు, రాత్రికి చలి పెరుగుతుంది అని చదివి, ఒంటరిగా ఉన్నవాళ్లు వేళకు తినండి అని కాగితంలో లేని మాట ఒకటి కలిపాను. ఆ వేళకు అతను ఇంకా బస్సులోనే ఉంటాడని నాకు తెలుసు.